ఉతికిన అంగీ

మా రాజు పేరు రాయను. బతికుండగా ఆ పేరు పలకడం నేరం, పోయాక రాయడం అపచారం. దాన్ని గొంతెత్తి పలికే హక్కు ఒక్కడికే, ఒక్క రోజుకే ఉండేది. అతను మా పక్కింటి షూయాన్, రాజుగారి బట్టలు చూసేవాడు. మాలో ఎవరైనా కన్నుమూస్తే, వాళ్ల ఒంటి వాసన పోని బట్ట పట్టుకుని కప్పెక్కి, ఉత్తరానికి తిరిగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాం. ఆ వాసన పట్టుకునే ప్రాణం ఇల్లు చేరుతుంది. పిలవని ప్రాణం దారుల్లోనే తిరుగుతుంది.

రాజు ఇరవై ఆరేళ్లు ఏలాడు. మొదట్లో కాలువలు తవ్వించాడు, మంచివాడే. తర్వాత దక్షిణపు వాళ్లతో మూడు యుద్ధాలు. మూడోసారి నది దాటబోయి మావాళ్లు నాలుగు వేలమంది పోయారు. కబురు తెలిసిన రోజు నగరంలో ఏ కప్పు మీద చూసినా పిలుపులే. రాజుగారికి నిద్ర పట్టలేదట. మర్నాడే చాటింపు వేయించారు, ఓడి చచ్చినవాళ్లను ఎవరూ పిలవకూడదని.

షూయాన్ కొడుకు లీ ఆ నదిలోనే పోయాడు. కొలువులో చిక్కుకుపోయిన షూయాన్ ఇల్లు చేరేసరికి చాటింపు అయిపోయింది. అతని భార్య మెయ్, కొడుకు విడిచివెళ్లిన నార అంగీని పెట్టెలో దాచింది. పదకొండేళ్లు దాచింది.

చివరికి రాజు పోయాడు. మాలో రాజుతోపాటే ఆయన చాటింపులూ పోతాయి. షూయాన్ కోట కప్పెక్కి తన పని ముగించుకుని వచ్చాడు. నేను వాళ్ల వాకిట్లోనే ఉన్నాను.

"ఏమయ్యా, పిలిచావా మీ రాజుని?" అంది మెయ్.

"మూడుసార్లూ పిలిచాను."

"వచ్చాడా?"

"రాలేదు."

"ఎందుకొస్తాడూ? యుద్ధానికైతే పరిగెత్తేవాడు."

షూయాన్ నవ్వలేదు. "అంగీ ఇవ్వవే. నిచ్చెన వేస్తాను."

ఆమె దండెం మీంచి అంగీ తీసి ఇచ్చింది. అతను దాన్ని ముఖానికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు.

"ఉతికావా?"

"మొన్న, రాజుగారికి ఇక లాభం లేదన్నారు చూడు, ఆ పొద్దున. ఇన్నేళ్లకి వస్తున్నాడు, మాసిన గుడ్డ ఎట్లా చూపిస్తాననుకున్నా. బూడిదనీళ్లలో..." మాట సగంలో ఆగిపోయింది. అప్పటికిగాని ఆమెకు తట్టలేదు.

షూయాన్ నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను, అతను ఎక్కాడు. పొద్దున కోట మీద ఖణేల్మన్న గొంతు ఇక్కడ రెండో పిలుపుకే జీరపోయింది. మూడోసారి పిలిచి అంగీని కిందికి వదిలాడు. మెయ్ కొంగు పట్టి అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏమే?" అన్నాడు పైనుంచి.

"ఎండ వాసనొస్తోందయ్యా," అంది.