మొహం మీద ఇంటూ మార్కు

ఫ్లెక్సీలంటే నాకు మొదట్నుంచీ రోత. కంచరపాలెంలో మా వీధి మొగలో కరెంటు స్తంభానికి ఎప్పుడూ ఒకటి వేలాడుతూనే ఉంటుంది. మధ్యలో నల్లకళ్ళద్దాల పెద్ద మొహం, చుట్టూ అతగాడి మనుషుల చిన్న చిన్న మొహాలు, కింద పూలు. దాని కింద నుంచి వంగి వెళ్ళాలి. ద్వారకా నగర్‌లో నా ఆఫీసు గదికి చేరి కంప్యూటర్ తెరిస్తే, హమ్మయ్య, తెల్లటి పేజీ. వెబ్‌సైట్లు చేసి బతుకుతాను నేను. పేజీలో సరుకు ఎంత తక్కువుంటే చూసేవాడికి అంత సుఖం అన్నది నా నమ్మకం. అక్కడికి కూడా ఫ్లెక్సీ వస్తుందని నేనేం కలగన్నానా?

వేటకెళ్ళే బోట్ల వాళ్ళ సంఘం ఒకటి నాకు పని అప్పజెప్పింది. వాళ్ళకి తెలియాల్సింది ఒక్కటే: ఇవాళ సముద్రం మీదికి వెళ్ళొచ్చా, వద్దా. వాతావరణం వాళ్ళ హెచ్చరిక రాగానే సంఘం ఆఫీసులో ఒకతను బటన్ నొక్కుతాడు. పేజీ అంతా ఎర్రబడి పెద్దక్షరాలతో 'వెళ్ళొద్దు' అని వస్తుంది. లేకపోతే పచ్చగా 'వెళ్ళొచ్చు'. కింద ఒక ఫోన్ నంబరు. అంతే, ఇంకేమీ లేదు.

దాన్ని మొదట చూపించింది మా వీధికి చేపల తట్ట తెచ్చే ఆవిడకి. అక్కా అనడానికి బదులు వీధి వీధంతా అప్పా అని పిలుస్తాం. ఆవిడ మొగుడికి చిన్న ఫైబర్ బోటుంది. తట్ట దించి, చేతులు చీరకి తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"ఎల్లొద్దంతంది," అంది. "ఇంక సదవడానికేటీ నేదా?"

"లేదప్పా."

"బాగుంది. మా మావ మొండోడు. నాను సెప్తే ఇనడు గానీ ఫోన్లో సూపిత్తే ఇంతాడు."

ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాను. అప్పట్నుంచి మొగుడు వేటకి బయల్దేరే ముందు ఆవిడే పేజీ తెరిచి అతని కళ్ళ ముందు పెట్టేది.

సంఘం ప్రెసిడెంట్‌కి మాత్రం నచ్చలేదు. "ఇదేటి ఇలగ ఖాళీగా ఉంది? నా ఫోటో ఏదీ?" అన్నాడు. పక్కనే ఆయన బావమరిది. మా పేటలో ఫ్లెక్సీలు కొట్టేది ఇతగాడే. అంటే నేను రోజూ వంగి దాటే దరిద్రం ఇతని చేతి పనే! "అవును బావ," అన్నాడు నాతో, అతనికి అందరూ బావలే. "మొహం నేకపోతే సంఘం ఎవలిదని తెలుత్తాది?" బతిమాలి, విసిగించి, ఫోటోని ఓ మూలకి నెట్టి ఎలాగో ఒప్పించాను. సైట్ వాళ్ళది కాబట్టి పాస్‌వర్డ్ వాళ్ళ చేతిలో పెట్టి వచ్చాను.

ప్రెసిడెంట్ పుట్టినరోజు వచ్చింది. ఆఫీసుకెళ్ళి పేజీ తెరిచాను. ఛీ! స్క్రీన్ నిండా ఆయన మొహం. మెడలో గజమాల, పైనుంచి గులాబీ రేకులు రాలుతున్నాయి, వెనక డప్పులు. చుట్టూ మళ్ళీ అదే మొహాల గుంపు. వీధి మొగలో ఫ్లెక్సీని ఊడదీసి తెచ్చి తెరకి కట్టినట్టుంది. మూసేద్దామంటే మూసే గుర్తు లేదు. ఎక్కడ నొక్కినా రేకులు రాలుతూనే ఉన్నాయి.

బావమరిదికి ఫోన్ చేశాను. "ఇంటూ మార్కు ఏదయ్యా? జనం దీన్నెలా మూస్తారు?"

"తీసీసినాను బావ. సరిగ్గా మా బావ మొహం మీద పడతంది. పుట్టినరోజు పూట మనిషి మొహం మీద ఇంటూ కొడతామేటి? అపసకునం కాదా?"

"పక్కకి జరపొచ్చు కదా!"

"పక్కన మా వోళ్ళ మొహాలున్నాయి. ఆళ్ళు ఊరుకుంతారా?"

వేళాకోళం కాదు, నిజంగానే చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "దాని కింద ఎరుపుందో పచ్చుందో ఎలా తెలుస్తుందిరా?" అని అరిచాను. "ఒక్క రోజుకి ఏటవుద్ది బావ," అని పెట్టేశాడు.

పేజీ వెనకున్న కోడ్ తెరిచి చూశాను. ఎరుపే. అప్పటికే బోట్లు వెళ్ళిపోయాయి.

మధ్యాహ్నానికి గాలి లేచింది. సాయంత్రం జెట్టీ మీద అప్ప కూర్చుని ఉంది, పక్కన తట్ట లేదు. మొగుడి బోటు ఇంకా రాలేదు. "పూలు రాల్తంటే మంచిదే గావాలనుకున్నాను బాబూ," అంది. "ఎల్లొద్దని సెప్పీవోళ్ళు పూలేత్తారేటి?"

మర్నాడు ఇంకో బోటు వాళ్ళు ఆవిడ మొగుణ్ణి ఒడ్డుకి ఈడ్చుకొచ్చారు. ఇంజన్ చచ్చి, బోటు సగం నీళ్ళతో. కేకలు పెట్టీ పెట్టీ గొంతు పోయింది. ప్రాణంతో వచ్చాడు, మాకదే చాలు.

ప్రెసిడెంట్ మనుషులకి చాల్లేదు. ఇంజన్ బాగయి అతను మళ్ళీ వేటకి బయల్దేరే వేళ, తెల్లారకుండానే అప్ప మా తలుపు కొట్టి ఫోన్ చాపింది. స్క్రీన్ నిండా మళ్ళీ ప్రెసిడెంట్. 'మన ప్రెసిడెంట్ గారి అలుపెరగని కృషితో క్షేమంగా ఒడ్డు చేరిన మత్స్యకార సోదరుడికి అభినందనలు.' అడుగున ఓ మూల, తడి బనీనుతో, బిత్తరపోయి, ఆవిడ మొగుడు. అతని మీద కూడా రేకులు. థూ, సిగ్గులేని జన్మలు! వెతకడానికి ఒక్క బోటు పంపలేదు, ఆ పూట ప్రెసిడెంట్ కేకు కోసుకుంటూ కూర్చున్నాడు.

"దీన్ని తీసీ బాబూ," అంది. "కిందేటుందో సూడాల."

ఫోన్లో నావల్ల కాలేదు. వాళ్ళు పాస్‌వర్డ్ కూడా మార్చేశారు. ల్యాప్‌టాప్‌లో తంటాలు పడి నా తెర వరకు ఆ బొమ్మని పీకేశాను. ఎరుపు. అలా తెరిచే ఉంచి అప్ప చేతికిచ్చి, ఆవిడని బండెక్కించుకుని జెట్టీకి దూసుకెళ్ళాను.

అతను ఎర్రటి పేజీ చూశాడు. తన ఫోన్లో రాలుతున్న రేకులు చూశాడు. తాడు మళ్ళీ కట్టేశాడు. తర్వాత అప్ప చేతిలోంచి ల్యాప్‌టాప్ లాక్కుని, దాన్ని పైకెత్తి పట్టుకుని, హార్బరు దాటుతున్న బోట్ల వైపు అరుస్తూ పరిగెత్తాడు. పోయిన గొంతు ఇంకా రాలేదు. ఎవరూ వెనక్కి తిరగలేదు.