చింతపండుతో తోమిన ప్లేటు

నాకు నోరు పెద్దదని ఊరంతా అంటారు. అననీ. నోరు లేకపోతే ఈ తమిళనాడు నల్లంపల్లిలో హైవే పక్కన ఒక ఆడది ఇరవై ఏళ్ళుగా వేరుశనగ నూనె మిల్లు నడపగలదా? అంత నోరూ ఒక అరచేయంత రేకు ముక్క ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందుకే రాస్తున్నాను.

మిల్లు మా నాయన పెట్టింది. ఆయన పోయాక నా చేతికి వచ్చింది. ఉండేది ముగ్గురమే: నేను, నాయన కాలం నుంచి మిషను నడిపే మేస్త్రి, మా అమ్మ. అమ్మకు జీతం లేదు గానీ పని ఉంది. తెల్లారగానే వచ్చి గింజల్లో రాళ్ళు ఏరుతుంది, బొమ్మిడి వైపు నుంచి మూటలు తెచ్చే రైతుల మంచీ చెడూ అడుగుతుంది, తూకం దగ్గర నిలబడి నన్ను తిడుతుంది. ఎనభై దాటిన మనిషిని లేపి నిలబెట్టేది ఆ మిల్లే. కరెంటు లేక మిల్లు ఆగిన రోజు ఆమె మంచం దిగదు.

ఆ మిల్లుకు ప్రాణం ఒక పాత మోటారు. వయసులో నాకంటే పెద్దది. కాలిపోయినప్పుడల్లా ధర్మపురి తీసుకుపోయి, లోపలి తీగ మళ్ళీ చుట్టించి తెచ్చుకునేవాళ్ళం. ఎన్నిసార్లు చుట్టించామో మేస్త్రికే గుర్తు లేదు. కరెంటు బిల్లు ఏటేటా పెరుగుతూ పోయింది. కొత్త మిల్లులవాళ్ళు అమ్మే ధరకు నేను నూనె అమ్మలేకపోయాను. ఇంకో ఏడాది ఇట్లాగే సాగితే తాళం వేయక తప్పదని మేస్త్రితో చెప్పాను. అమ్మతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

అప్పుడే రాష్ట్ర ప్రభుత్వం చిన్న మిల్లులకు ఒక స్కీము పెట్టిందని విన్నాను. కరెంటు ఎక్కడ వృథా అవుతోందో ఇంజనీరు వచ్చి కొలుస్తారు, ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరిస్తుంది. పాత మోటారు తీసేసి, తక్కువ కరెంటు తినే మోటారు పెట్టుకుంటే దానికీ కొంత సాయం చేస్తారు. మంచి స్కీమే. ఇప్పటికీ మంచిదనే అంటాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు ఊరికే అన్నారా?

సేలం నుంచి ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, నెమ్మదైన పిల్ల. మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బయటివాళ్ళతో జరిగిన మాటలను కూడా నా తెలుగులోనే చెబుతాను. ఆమె తీగ చుట్టూ పట్టకారులాంటి మీటరు బిగించి, గంటల తరబడి లెక్కలు రాసుకుంది. మోటారు మీద అమ్మ ఆరబెట్టిన తడి గోనెసంచిని చూసి నవ్వింది.

"ఇది దినామూ ఇట్లే ఆరుతుందా అవ్వా?"

"అర్ధ గంటలో ఆరిపోతుందమ్మా. ఎండ కూడా అక్కర లేదు," అంది అమ్మ గొప్పగా.

"ఆ వేడంతా మీరు బిల్లు కట్టే కరెంటే అవ్వా. నూనె తీసేదానికి పోవాల్సింది గోనెసంచికి పోతా ఉంది."

తర్వాత మోటారు ప్లేటు చూపించమంది. ప్రతి మోటారుకూ పక్కన చిన్న రేకు బిగించి ఉంటుంది. కంపెనీ పేరు, ఎన్ని గుర్రాల శక్తి, మోటారు నంబరు అన్నీ దాని మీదే అచ్చు కొట్టి ఉంటాయి. మా ప్లేటు మీద పాత గంధం, కుంకుమ పెచ్చు కట్టి ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచాను. కింద ఒక్క అక్షరం లేదు. నున్నగా, నా ముఖం కనబడేంత మెరుపుగా ఉంది.

నాకు వెంటనే అర్థమైంది. ఆయుధ పూజకు ముందు రోజు మిల్లులో ఉన్న లోహమంతా అమ్మ తోముతుంది. తూకపు రాళ్ళు, కత్తిపీట, గంట, అన్నిటికంటే ముఖ్యంగా మోటారు ప్లేటు. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు పెట్టి చెయ్యి నొప్పెట్టేదాకా రుద్దుతుంది. మోటారుకు ముఖం అదేనట. బొట్టు పెట్టాలంటే ముఖం కడగొద్దా అనేది. చిన్నప్పుడు నేనూ ఆ పీచు పట్టుకుని పక్కన కూర్చుని రుద్దినదాన్నే. ఏటా అంతంత భక్తిగా తోమి తోమి అక్షరాలన్నీ అరగదీసేశాం.

ఇంజనీరు ఉన్నదున్నట్టు రాసింది, ప్లేటు మీద అక్షరాలు చదవడానికి వీలుకాలేదని. "నేను కొలిచిన లెక్కలుండాయి గదా అక్కా, అవి చాలు," అంది. నేనూ నమ్మాను.

చాల్లేదు. ధర్మపురిలో ఆ స్కీము ఆఫీసులో నా ఫైలు చూసే ఆయన మొదటి రోజే కళ్ళద్దాలు పైకి జరిపి, "ప్లేటు ఫోటోలో ఏమీ కనబడలేదే అమ్మా," అన్నాడు.

ఉన్న సంగతి చెప్పాను.

"నంబరు లేకుంటే ఇది పాత మోటారని ఎట్లా నమ్మేది?"

"మీరే వచ్చి దాని మీద చెయ్యి పెట్టి చూడండి సార్. కాలకపోతే కొత్తదని రాసుకోండి."

"ఫారంలో నంబరుకే గడి ఉందమ్మా. చేతికి లేదు."

అక్కడినుంచి చెప్పులరిగేలా తిరిగాను. తీగ చుట్టినవాడి దగ్గర చీటీ తెమ్మన్నాడు, తెచ్చాను. అందులోనూ నంబరు లేదన్నాడు. మోటారు కొన్నప్పటి బిల్లు తెమ్మన్నాడు. కొన్న నాయనా లేడు, అమ్మిన కొట్టూ లేదు. ఇంజనీరు కొలిచిన కాగితాలు మాత్రం ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే మనమేం చేస్తాం?

ఒకసారి అమ్మను కూడా వెంట తీసుకుపోయాను. ముసలామె నోట వింటే అయినా నమ్ముతాడేమోనని. బుద్ధి లేని పని చేశాను. ఆమె ఎదురుగానే, "ఎవరమ్మా అట్లా తోమింది? చదువు లేనివాళ్ళ చేతికి మిషను ఇస్తే ఇంతే," అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరిచేలోగా అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

బస్సులో అమ్మ తొప్పూరు వైపు పోయే లారీలను చూస్తూ కూర్చుంది. దిగే ముందు అడిగింది.

"మిల్లు మూసేస్తావా పాపా?"

"నీకెవరు చెప్పినారు?"

"మేస్త్రి మొగం చూస్తే తెలీదా? నేనే చెరిపేసినాను గదా."

కాదన్నాను. వెయ్యిసార్లు కాదన్నాను. ఆమె చెవికి ఎక్కలేదు. మర్నాడు మిల్లుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. గింజల్లో రాళ్ళు నేనే ఏరుకున్నాను, ఏరుతూ ఆ ఆఫీసు మనిషిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

ఆ ఏడు ఆయుధ పూజ సెలవుకు ముందు రోజు మళ్ళీ ఆఫీసుకు పోయాను. వాకిట్లో ఆఫీసు జీపు కడిగి పూలదండ వేశారు. నంబరు ప్లేటు నిండా గంధం పూసి మధ్యలో కుంకుమ పెట్టారు. నంబరులో ఒక్క అంకె కనబడలేదు. లోపల కంప్యూటరుకు బొట్టు, బీరువాకు బొట్టు, నా ఫైలున్న కట్ట మీదా బొట్టు. ఆయన నవ్వుతూ నా చేతిలో బొరుగులు, శనగలు పోశాడు.

"సార్, బయట మీ జీపు నంబరు కనబడలేదు. అది గవర్నమెంటు జీపని ఎట్లా నమ్మేది?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా కడుపారా నవ్వాడు. నవ్వి, పండగ అయినాక రమ్మన్నాడు. ఆ బొరుగులు బస్టాండు దాకా గుప్పిట్లో పట్టుకుని వచ్చి కాకులకు పోశాను. ఎంగిలి కూడా చేయబుద్ధి కాలేదు.

మోటారు తీగ చుట్టేవాడి కొట్టుకు మేస్త్రే నన్ను తీసుకుపోయాడు. వాడు నా కథంతా వినను కూడా లేదు.

"ఏ నంబరు కావాలో చెప్పక్కా, కొట్టిస్తాను. దీనికి పోయి ఇన్ని దినాలు తిరిగినావా? ఈ నెలలో నువ్వు మూడో మనిషివి."

నాకు నంబరేం తెలుసు? మేస్త్రి తన అత్తగారి ఊరు మారండహళ్ళికి పోయే బస్సు నంబరు చెప్పాడు. దాని వెనక నేను నోటికి వచ్చిన అంకెలు రెండు చేర్చాను. ఒక టీ తాగేలోగా రేకు మీద కంపెనీ పేరు, నంబరు అన్నీ దిగాయి. కొత్తగా మెరుస్తోందని వాడు కాలిన ఇంజను నూనె పూసి ఇచ్చాడు. మేస్త్రి మిల్లుకు వచ్చి అది బిగించాడు. ఊడదీసిన నున్నటి ప్లేటును అమ్మకు ఇచ్చాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

కొత్త ఫోటో చూసి ఆఫీసులో ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఫోటోను చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు తెలుసు. తెలిసిందని నాకూ తెలుసు. కాగితం ఒకటి నా ముందుకు తోశాడు.

"శుభ్రం చేసినాక అక్షరాలు కనబడినాయని ఒక లెటరు రాసివ్వండమ్మా. ఇంక సరిపోతుంది."

శుభ్రం చేసినాక. మా అమ్మ అన్నేళ్ళు శుభ్రం చేసిందని చెబితే నమ్మని నోటితోనే ఆ మాట అన్నాడు. నా చేత్తోనే రాశాను, కింద సంతకం పెట్టాను. నిజం చెప్పినన్నాళ్ళు నన్ను దొంగను చూసినట్టు చూసిన మనిషి, అబద్ధం చేతికివ్వగానే కూర్చోమని కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు. అప్పుడైనా నాలుగు మాటలు అని రావాల్సింది. మిల్లు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే, అదే నన్ను ఇప్పటికీ తింటోంది.

సాయం అందింది. కొత్త మోటారు వచ్చింది. బిల్లు తగ్గింది, మిల్లు నిలిచింది. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటుందంతే, గోనెసంచి ఆరాలంటే ఎండలో వేయాల్సిందే. అమ్మ మళ్ళీ రోజూ వస్తోంది, మళ్ళీ నన్ను తిడుతోంది. ఇంక అంతా సర్దుకుందనే అనుకున్నాను.

పోయిన నెల ఆయుధ పూజ వచ్చింది. అమ్మ తూకపు రాళ్ళు తోమింది, కత్తిపీట తోమింది, గంట తోమింది. కొత్త మోటారు దగ్గరికి వచ్చి గంధం గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"ఎక్కడ పెట్టేది పాపా?"

"ఎప్పుడూ పెట్టే చోటే పెట్టు."

"వద్దులే. రేపు ఎవరన్నా వచ్చి చూస్తామంటే?"

ఆమె వంగి, మోటారు వెనక గోడకు బొట్టు పెట్టింది. నాకు కోపం ఆగలేదు. గిన్నె లాక్కుని అరచేతి నిండా గంధం తీసి ప్లేటు మీద మెత్తాను. దాని మీద కుంకుమ అద్దాను. ఒక్క అక్షరం కనబడకుండా అద్దాను. ఎవడొస్తాడో రానీ, చూస్తాను అన్నాను.

అమ్మ నన్ను తిట్టలేదు. కొంగు తడుపుకుని, మోటారు ముందు కూలబడి, రుద్దితే ఎక్కడ అరుగుతుందోనని మెల్లమెల్లగా అద్దుతూ ప్లేటంతా తుడిచింది. ఆమెకు చదవడం రాదు. పని అయ్యాక నా వైపు చూసింది.

"అన్నీ ఉండాయా పాపా? ఒకసారి చదువు."

కంపెనీ పేరు నుంచి చివరి అంకె దాకా ఆమెకు చదివి వినిపించాను.