మేనేజరు గారే హారన్

ఆ రోజుల్లో ఉద్యోగమంటే భయపడటమే అనుకునేవాణ్ణి. ఇప్పుడూ కొంత అంతే గానీ, అప్పుడు భయపడటానికి తీరిక ఎక్కువ. చింతపల్లిలో కాఫీ రైతుల పథకం ఒకటి నడిపే చిన్న ఆఫీసులో నన్ను కంప్యూటరు ఆపరేటరుగా తీసుకున్నారు. తాత్కాలికమే. పాడేరులో పై అధికారుల మీటింగు ఉంది, అందులో మా రిపోర్టు నచ్చితే పోస్టు కొనసాగిస్తారు, లేదంటే మూట సర్దుకోవడమే. పార్వతీపురంలో మా అమ్మ అప్పటికే వీధంతా "మావోడు కంప్యూటరు ఆఫీసరు" అని చాటేసింది. (ఆ ఆఫీసరు గారి కుర్చీకి మూడు కాళ్ళూ ఒక ఇటుకా ఉండేవని ఆవిడకి చెప్పలేదు.) ఉద్యోగం పోగొట్టుకుని ఆ వీధిలో అడుగుపెట్టే ధైర్యం నాకు లేదు.

సరిగ్గా మీటింగు ముందు రోజు గాలివాన కొట్టి కరెంటు పోయింది. రిపోర్టు సగంలో ఉంది. నేను చేతులు నలుపుకుంటూ కూర్చుంటే, మేనేజరు గారు విశాఖపట్నం నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న ఇన్వర్టరు తీసి బల్ల మీద పెట్టారు. ఇళ్ళల్లో ఉండే పెద్ద పెట్టె కాదు, టిఫిను డబ్బా అంత ఉంది. జీపు బ్యాటరీకి తగిలిస్తే ఇంట్లో ప్లగ్గులో వచ్చే కరెంటే వస్తుందట. "దారిలో టైపు చేసెయ్, పాడేరులో దిగగానే ప్రింటు తీసుకుందాం" అన్నారు, అదేదో రోజూ చేసే పనిలాగా.

మా డ్రైవరుని అందరం వాలు బాబాయి అనేవాళ్ళం. జీపు బ్యాటరీ ముసలిది, తాళం తిప్పితే దగ్గి ఊరుకునేది. అందుకని ఆయన బండిని ఎప్పుడూ వాలులోనే ఆపి, దొర్లించి స్టార్టు చేసేవాడు. టీ తాగాలన్నా వాలులో ఉన్న కొట్టు దగ్గరే తాగాలి. అలాంటి బ్యాటరీకి నేను క్లిప్పులు పెడుతుంటే ఆయన ముఖం మాడిపోయింది.

"ఏటి సేత్తన్నావు బాబూ? దానికే ఓపిక నేదు. దానిసేత టీవీ ఆడిత్తావేటి?"

"టీవీ కాదు బాబాయ్, కంప్యూటరు."

"ఏదైతేనేటి, తినీది దీని కంచంలోదే గదా!"

తెల్లవారగానే బయలుదేరాం. సీపీయూ కాళ్ళ దగ్గర పెట్టి, మానిటరుకి దుప్పటి చుట్టి వెనక సీటుకి తాడుతో కట్టి, కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని స్విచ్చి వేశాను. తెర వెలిగింది. ఆ సంతోషం మొదటి మలుపు దాకా ఉంది. ఘాట్ రోడ్డులో మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి కదా, బాబాయి కొట్టాడు. ఇన్వర్టరు కీచుమంది, తెర ఆరిపోయింది, నేను కొట్టిన పేరా గాలిలో కలిసింది. కంప్యూటరు తీరిగ్గా మళ్ళీ లేచేసరికి రెండో మలుపు వచ్చింది. మళ్ళీ అదే కథ. దట్టంగా మంచు పట్టింది కాబట్టి లైట్లు ఆర్పడానికి లేదు. ఉన్న కాస్త కరెంటుకీ లైట్లు, హారన్, కంప్యూటరు దాయాదుల్లా కొట్టుకుంటున్నాయి.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, హారన్ కొట్టకు!"

"కొట్టాపోతే లోయలో పడతాం బాబూ. అప్పుడు రిపోర్టు ఎవులికిత్తావు?"

అటు లోయ, ఇటు మీటింగు. నాకు రెండూ ఒకేలా కనిపించాయి. ఇంతలో మేనేజరు గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "నువ్వు మెల్లగా పోనీవోయ్, హారన్ సంగతి నేను చూసుకుంటా" అని తల బయటికి పెట్టి "పోం! పోం!" అని అరిచారు. (నలుగురిలో తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి ఆయన.) సంతకి బుట్టలతో వెళ్తున్న ఆడవాళ్ళు బుట్టలు దించుకుని మరీ నవ్వారు. బాబాయి నత్తనడకన నడిపాడు. మేనేజరు గారు పోం అన్నప్పుడల్లా నేను భయంతో సేవ్ కొట్టేవాణ్ణి. అలా మలుపులూ గడిచాయి, రిపోర్టూ సాగింది.

ఇక మిగిలింది చివరి పేరా, పై అధికారులకు కృతజ్ఞతలు. మేనేజరు గారు అన్నిటికంటే ముఖ్యమని చెప్పింది అదే. అది పూర్తవుతుండగా మలుపు అవతల ఏదో పెద్ద బండి మూలుగు వినిపించింది. మేనేజరు గారు నోరు తెరిచారు. అరిచి అరిచి పోయిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. "కొట్టు బాబాయ్, కొట్టు!" అని అరిచింది నేనే. ఆయన కొట్టేలోపు ముందు సీటు మీదికి దూకి హారన్ నొక్కింది కూడా నేనే. మంచులోంచి బస్సు వచ్చి, మా ముందు మూరెడు దూరంలో ఆగింది. నా వెనక తెర ఆరిపోయింది.

పాడేరులో ప్రింటు తీస్తే అంతా ఉంది, కృతజ్ఞతలు తప్ప. మీటింగులో మేనేజరు గారు లేచి నమస్కారం పెట్టారు. పెదవులు కదిలాయి గానీ మాట లేదు. కాగితాలు నా చేతిలో పెట్టి కూర్చున్నారు. నేనే చదివి, చివర ఏం చెప్పాలో తోచక "ఇంతే సార్" అన్నాను. పెద్ద అధికారి తలెత్తి, "పొగడ్తలు లేకుండా ముగించిన రిపోర్టు ఇప్పుడే వింటున్నాను" అన్నారు. నా పోస్టు నిలబడింది. మేనేజరు గారు నా భుజం తట్టి ఏదో అన్నారు, అదీ వినపడలేదు.

మొన్న మా అమ్మాయితో కారులో ఆ దారినే వెళ్ళాను. పక్క సీట్లో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఏదో రాసుకుంటోంది. తీగ లేదు, తాడు లేదు. మలుపు దగ్గర కారు నెమ్మది చేసి, హారన్ మీదికి వెళ్ళిన చెయ్యి ఆపి, "సేవ్ చేశావా?" అని అడిగాను.

"దానంతటదే అవుతుంది నాన్నా" అంది తలెత్తకుండా.

మేనేజరు గారు పోయి చాలా ఏళ్ళయింది. అద్దం దించి, చలిగాలిలోకి మెల్లగా "పోం" అన్నాను. (తల నెరిసిన మనిషి చేయాల్సిన పని కాదు.) అమ్మాయి ఉలిక్కిపడి చూసింది. ఆ తర్వాతే అసలు హారన్ కొట్టాను.