మాహిం మట్టి, మా ఇంటి గణపతి

మొన్న చవితికి మా ఇంట్ల కూసున్న గణపతి సంగతి చెప్తే మీరు నవ్వుతరు. నవ్వున్రి. నాకైతే ఆ రెండు రోజులు అన్నం సయించలే.

కాలేజీ ల్యాబ్‌ల నేను అసిస్టెంట్‌ని కద. సముద్రం అడుగు మట్టిల రాగి, సీసం ఎంత చేరిందో చూసే పని మాది. మూడేండ్ల నుంచి సీసాలు కడుగుడే నా వంతు. ఈసారి మేడం, మాహిం సముద్రం ఒడ్డుకు నువ్వొక్కదానివే పోయి మట్టి తే అన్నది. ఇది చెడగొడితే మళ్లా సీసాల కాడికే! లోహం తగిలితే లెక్క తప్పుతదని గాజులు, ఉంగరం తీసేసిన. స్టీలు చెంచా గుడ ముట్టలే. నీళ్లు బాగ వెనక్కి పోయినంక మోకాలి లోతు బురదల దిగి, ప్లాస్టిక్ గరిటెతోని తవ్వి డబ్బా నింపిన. ల్యాబ్‌కు పండుగ సెలవు. అందుకని కామాటిపురల నాయనమ్మ, నేను ఉండే ఒంటిగది ఖోలికి తెచ్చి ఫ్రిజ్‌ల పెరుగు పక్కన పెట్టిన.

తెల్లారి చవితి. పూలకని నాగ్‌పాడా దాంక పోయొచ్చేసరికి పీట మీద నల్లగ, బొద్దుగ గణపతి. నెత్తిన గరిక, ముందట కుడుములు. గిన్నెలు కడిగే మోరీ కాడ నా డబ్బా శుభ్రంగ కడిగి బోర్లించి ఉన్నది.

"నాయనమ్మా, ఆ మట్టి..."

"నువ్వే కదనే పోయినేడు మన చాల్ అంత గది గదికి తిరిగి చెప్పినవు. రంగుల బొమ్మలు కొనొద్దు, రంగులల్ల సీసముంటది, మట్టితోనే చెయ్యిన్రి అని. జర వాసనొస్తే పైన గంధం పూసిన."

చెప్పింది నేనే మరి. అది టెస్టుకు పోయే మట్టి అని బతిమాలిన. పూజైన దేవుణ్ణి కదిలిస్తే ఊకోనన్నది, ఇక్కడి ఆనవాయితీ లెక్క ఒకటిన్నర రోజు ఆగమన్నది. సరే, నేనూ పట్టు వదల్లే. సముద్రంల వద్దు, ఇంట్లనే బకెట్ల నిమజ్జనం చేద్దాం, మట్టి నాకే ఇయ్యాలె అని ఒట్టు పెట్టించుకున్న. మునిగిన వెంటనే పైకి తీసి, గంధం గీకేసి, బొమ్మ కడుపుల ఏమీ అంటని మట్టిముద్ద దాసుకుందమని నా ఉపాయం. ప్లాస్టిక్ బకెట్ మూడుసార్లు కడిగిపెట్టిన.

హారతైంది. నా పని నిలబెట్టు సామీ అని కండ్లు మూసి మొక్కుతున్న. బుడుంగుమని సప్పుడు. కండ్లు తెరిస్తే నా బకెట్ ఖాళీగనే ఉన్నది. గణపతి నాయనమ్మ పెండ్లినాటి రాగి గంగాళంల కరుగుతున్నడు. ఆమె చెయ్యి పెట్టి అడుగుదాంక కలుపుతున్నది.

"దేవుణ్ణి ప్లాస్టిక్‌ల ముంచుతర? తీస్కో, నీ మట్టి నీకే. ఇంత గుడ పోలే."

రాగి కొలిచే మట్టి రాగి గంగాళంల! ఏడ్సుడొక్కటే తక్కువ. ఏడిస్తే పనైతదా? మర్నాడు నీళ్లు వెనక్కి పోయే టైం చూస్కొని మళ్లా మాహింకు పోయిన, మళ్లా దిగిన, మళ్లా తవ్విన. బురద కాళ్లతోనే పోయి మేడం ముందట డబ్బా పెట్టి, తారీఖు ఎందుకు మారిందో మొత్తం చెప్పేసిన. మేడం నవ్వలే. డబ్బా లోపల పెట్టి, వచ్చే నెల కూడా నువ్వే పో అన్నది. హమ్మయ్య అనుకొని తలుపు దాంక వచ్చిన. వెనక నుంచి పిలిచింది.

"మట్టి గణపతి చెయ్యమని మీ నాయనమ్మకు ఎవరు చెప్పారు?"

"నేనే, మేడం."

"ఇంట్లోనే నిమజ్జనమని?"

"అదీ నేనే, మేడం."

"మరి రాగి సంగతి?"

"అదొక్కటే చెప్పలే, మేడం."