మేకలెక్కిన మెట్లు

2023 వేసవి. అమలాపురంలో ఒక మందుల షాపు మేడమీద నా ఆఫీసు. బోర్డు మీద ‘అమ్మాజీ, ఇంటీరియర్ డిజైనర్’ అని రాసి ఉంటుంది. కింద మందులకొచ్చినవాళ్లు కొందరు ఆ బోర్డు చూసి, పైన ఎవరో డాక్టరమ్మ ఉందనుకుని మెట్లెక్కి వచ్చేవారు. వాళ్లని మర్యాదగా కిందికి పంపడమే అప్పట్లో నాకున్న ముఖ్యమైన వృత్తి అనుభవం. ఒకరోజు ఒకాయన నడుం పట్టుకుని వచ్చారు. అలవాటు కొద్దీ, “మందులు కిందండీ” అన్నాను.

“మందులు వాడేనండి. డాక్టరుగారు బరువులెత్తొద్దన్నారు. మా ఇంట్లో ఏటా ఎత్తాలండి. ఇంటికేమైనా వైద్యం చేస్తారేమోనని వచ్చేను,” అన్నారాయన.

ఆయన పేరు సత్తిబాబు గారు. రాజోలు వైపు గోదావరి పాయల మధ్య లంకలో ఇల్లు. అరటి, కూరగాయలు, కొంచెం కొబ్బరి. ఏటా వర్షాకాలంలో నది వాళ్ల వీధిలోకి వస్తుంది, కొన్నేళ్లు ఇంట్లోకీ వస్తుంది. వచ్చేముందు మంచాలు, పరుపులు, ఫ్రిజ్, ఇనప బీరువా అన్నీ ఎత్తున పెట్టాలి. కిందటేడు బీరువా ఎత్తబోతే బీరువా బాగానే ఉంది, ఆయన నడుమే దిగిపోయింది.

మర్నాడు సైట్ విజిట్‌కి వెళ్లాను. సైట్ విజిట్ అంటే మేం టేపు పెట్టి ఇంటిని కొలుస్తూ ఉంటే, ఇంటివాళ్లు మమ్మల్ని కొలుస్తూ ఉండే కార్యక్రమం. పాత పెంకుటిల్లు, ఎత్తైన అరుగులు. నడిమింట్లో తాటిచెక్కల అటక, దానికి ఆనించిన నిచ్చెన. గోడల మీద కింది నుంచి నడుం ఎత్తుదాకా అడ్డంగా గోధుమరంగు గీతలు.

సత్తిబాబు గారి భార్య మంగతాయారు గారు ఆ గీతల్ని నాకు పరిచయం చేశారు. “ఇది మా అమ్మాయి పుట్టిన ఏడు వరద. ఇది పాత గేదె పోయిన ఏడు. ఇది మా ఆడపడుచు పెళ్లి ఆగిపోయిన ఏడు.”

నాకు ఒళ్లు జలదరించింది. చరిత్ర ముందు నిలబడ్డట్టు అనిపించింది. అన్నిటికన్నా పైన ఉన్న గీత మీద వేలు పెట్టి, గొంతు తగ్గించి అడిగాను. “మరి ఇదండీ?”

“అది కుర్చీ రాసుకున్న గీతమ్మా.”

కాఫీ ఇచ్చాక అసలు విషయం బయటపడింది. సత్తిబాబు గారికి అమలాపురంలో ఫ్లాటు తీసుకుని వెళ్లిపోవాలని ఉంది. మంగతాయారు గారికి లేదు.

“అక్కడ తెల్లారి లేచి నేనేం చెయ్యాలమ్మా? ఇక్కడైతే బీరపాదుంది, దూడుంది. ఆ ఫ్లాట్లలో కదిలేది లిఫ్టొక్కటే,” అన్నారావిడ.

“నీకు బీరపాదు. నాకు బీరువా,” అన్నారు సత్తిబాబు గారు. “వరదన్న మాట వింటే చాలు, నా నడుం ముందే పట్టేస్తంది. ఇదిగో, ఈ అమ్మాజీ ఎదురుగా చెప్తున్నాను. నీకు కావలసినట్టు ఇల్లు బాగుచేయించుకో. ఈసారి వరద ఇంట్లోకొచ్చి మన సామాను ఒక్కటి తడిసినా, ఇంక ఫ్లాటుకే.”

“తడవకపోతే?”

“తడవకపోతే ఆ ఊసెత్తను.”

“అమ్మాజీ, విన్నావుగా?”

విన్నాను. ఇంటికి రంగులేయడానికి పిలిచి పందానికి సాక్షిని చేశారు. ఒక్క పరుపు తడిసిందా, ఆవిడకి ఊరు పోతుంది. తడవలేదా, ఆయన నడుం మీద మళ్లీ బీరువా. ఇంత బరువున్న పని నాకు అంతకుముందు రాలేదు. అప్పటిదాకా నేను చూసిన పెద్ద సంక్షోభం కర్టెన్లు పొట్టిగా రావడం.

తర్వాతి వారం మూడ్ బోర్డ్ పట్టుకెళ్లాను. కాబోయే గది ఎలా ఉంటుందో ముందే తెలియడానికి ఫోటోలూ రంగులూ గుడ్డముక్కలూ అతికించి చూపించే అట్ట అది. ఫోన్లో వెతికి వెతికి ఏరిన బొమ్మలు. మీగడరంగు గోడలు, పెద్ద కిటికీ, లేత రంగు సోఫా, పక్కన కుండీలో ఒక ఆకు. చుట్టూ ఎకరాల కొద్దీ అరటిఆకులున్నవాళ్లకి నేను కుండీలో ఆకు చూపిస్తున్నానన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

“ఆసుపత్రిలా శుభ్రంగా ఉందండి,” అన్నారు సత్తిబాబు గారు మెచ్చుకోలుగా.

“మీకు ఏ రంగు ఇష్టమండీ?” అని మంగతాయారు గారిని అడిగాను.

“వరద మట్టి రంగుందా?”

“ఎందుకండీ?”

“అదేసెయ్. ఎలాగూ గోదారి ఏటేటా అదే రంగేసి పోతంది. నీకు శ్రమ తప్పుతుంది.”

అందరం నవ్వాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చున్నాక నా నవ్వు ఆగిపోయింది. ఆవిడ చెప్పింది హాస్యం కాదు, డిజైన్. ఇంటికి స్ఫూర్తి ఎక్కడ దొరుకుతుందని నన్ను చాలామంది అడుగుతారు. వాళ్లకి చెప్పడానికి బాగుండదు కానీ, నాకు ఆ ఇంటి స్ఫూర్తి గోడమీది మరకలోంచి దొరికింది.

ఆ గీతల్నే పట్టుకుని ఇల్లంతా మళ్లీ గీశాను. గీతల కింది భాగమంతా నీళ్లది, పై భాగం మనుషులది. కింది భాగానికి మట్టిరంగు పలకలతో దాడో కట్టించాం. గోడ కింది సగానికి తొడిగే రాతి లాగు లాంటిది అది, బురదొస్తే గొట్టంతో కడిగేసుకోవచ్చు. వంటింట్లో చెక్క అలమారాలు వద్దన్నాను, ప్లైవుడ్ నీళ్లు తాగితే అప్పడంలా పొంగుతుంది. కడప రాయి బల్లలు వేసి, వాటిలో ఎత్తి పట్టుకెళ్లగలిగే స్టీలు బుట్టలు పెట్టాం. కరెంటు తీగలన్నీ పైనుంచి దించి, స్విచ్చులు తల ఎత్తున బిగించాం. మంగతాయారు గారు పొట్టి. “ఫ్యాను వెయ్యాలంటే ఎగరాలా?” అన్నారు. ఒక వరస కిందికి దించాం.

పాత అటక తీసి ఇనప దూలాల మీద కొత్తది, నడిమిల్లంతా పరుచుకునేలా వేశాం. దూలానికి చైన్ పుల్లీ తగిలించాం. లారీ ఇంజన్లు ఎత్తడానికి మెకానిక్ షెడ్డుల్లో వాడే గొలుసు కప్పీ అది. గొలుసు లాగితే బీరువా దానంతటదే పైకెళ్తుంది, నడుంతో పనిలేదు. బిగించిన రోజు సత్తిబాబు గారు బీరువాని పైకీ కిందికీ ఎన్నిసార్లు తిప్పారో. లోపల చీరలకి కళ్లు తిరిగి ఉంటాయి.

రెండు విషయాల్లో మాత్రం నేను పట్టుబట్టాను. ఒకటి మెట్లు. నిచ్చెన తీసేసి వెడల్పాటి చెక్కమెట్లు పెట్టించాను. ఇలాంటిదాన్ని మా భాషలో స్టేట్‌మెంట్ పీస్ అంటారు, అంటే గదిలోకి రాగానే అందరూ చూడాలని మేం ఆశపడే వస్తువు. రెండోది సోఫా. మీగడరంగుదే. ఫోటో బాగా రావాలని. “ఉండనీ, అమ్మాజీ ముచ్చట,” అన్నారు మంగతాయారు గారు. ఆ సోఫాలో ఎవరూ కూర్చునేవారు కాదు. ఎండలో నుంచి వచ్చిన మనుషులు సోఫాకి ఒక నమస్కారం లాంటి చూపు పెట్టి గడప మీద కూర్చునేవారు.

అటక ఎంత బరువు మొయ్యాలో లెక్క వెయ్యడానికి అమలాపురంలో నాకు తెలిసిన ఇంజనీరు గారికి జాబితా ఇచ్చాను. ఫ్రిజ్, బీరువా, మంచాలు, పరుపులు, బియ్యం, సోఫా.

“ఇంకేమైనా ఎక్కుతాయా?”

“ఇంకేముంటాయండీ?” అన్నాను. ఇంటివాళ్లూ అదే అన్నారు. ఆయన మాత్రం మా మాట నమ్మకుండా ఇంకొంత బరువు కలుపుకున్నారు. ఇంజనీర్లకి మనుషుల మీద నమ్మకం తక్కువ. అది వాళ్ల మంచి గుణం.

ఆ ఏడు నీళ్లు వీధిదాకే వచ్చి ఆగాయి. పెద్ద వరద మరుసటేడు వానాకాలంలో వచ్చింది. టీవీలో హెచ్చరిక వినగానే ఫోన్ చేశాను.

“అన్నీ ఎక్కించేసేమమ్మా,” అన్నారు మంగతాయారు గారు. “సోఫా ఒక్కటే ఉంది, పొద్దున్న ఎక్కించేస్తాం. బీరువా ఎగురుతుంటే ఈయన గొలుసు లాగుతూ నవ్వుతున్నారు. ఆ బీరువా దగ్గర ఈయన నవ్వడం ఇదే చూడ్డం.”

గెలిచేశాం అనుకున్నాను. మర్నాడు సత్తిబాబు గారి ఫోన్.

“అమ్మాజీ, ఆ మెట్లు ఎంత బరువు ఆపుతాయండి?”

“ఏం ఎక్కిస్తున్నారండీ?”

“ప్రస్తుతానికి మేకలండి.”

“మీకు మేకలు లేవు కదండీ?”

“నాగమణివండి. పక్కిల్లు. నిచ్చెనైతే ఎక్కేవి కాదు గానండి, మీ మెట్లు మహా చక్కగా ఎక్కుతున్నాయి.”

“ఎన్నున్నాయండీ?”

“నిలబడితే లెక్కపెడదునండి. నిలబడట్లేదు.”

వెనక పెద్ద గోల వినిపిస్తోంది. మేకలే కాదు, ఆ వీధివాళ్ల బియ్యం బస్తాలు, కుట్టుమిషను, టీవీలు, ఎవరిదో పెళ్లికి కొన్న కొత్త మంచం, అన్నీ పైకెళ్తున్నాయి. “వాళ్లు మిమ్మల్ని అడిగేరా?” అన్నాను కంగారులో, వాళ్ల యాసలోనే.

“అడగడవేంటండి? మనది ఎత్తిల్లు కదండి,” అన్నారాయన, నేనేదో తెలుగు రానిదాన్లా.

లంకలో అది రివాజు. నీళ్లొస్తే ఎత్తున ఉన్న ఇల్లు అందరిదీ. ఎవరూ అడగరు, ఎవరూ పిలవరు. గాలి అడిగి పీలుస్తామా అన్నట్టుంటారు. అడగని సంగతి కాబట్టే నాకు ఎవరూ చెప్పలేదు. ఇదివరకు నిచ్చెన ఉన్నన్నాళ్లు చిన్నచిన్న మూటలే ఎక్కేవి. నేను వెడల్పాటి మెట్లు కట్టి వీధి మొత్తానికి శుభలేఖ పంపాను.

వెంటనే ఇంజనీరు గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. డెడ్ లోడ్ అంటే కదలని బరువు, లైవ్ లోడ్ అంటే కదిలే బరువు అని మాకు కాలేజీలో చెప్తారు. “మేకల్ని లైవ్ లోడ్ కింద వేసుకోవాలా అండీ?” అని నేనే అడిగాను.

“కిందికి దించేదాకా లైవే,” అన్నారాయన. “బస్తాలు మధ్యలో పేర్చొద్దని చెప్పండి. గోడల వెంబడి, దూలాల మీదుగా సర్దమనండి. ఇంక మనుషులెవరూ ఎక్కొద్దు, అరుగు మీద బల్లలు వేసుకుని ఉండమనండి.”

సత్తిబాబు గారికి అదే చెప్పాను. “ఆయ్, అలాగేనండి,” అన్నారు. తర్వాత ఫోన్ కలవలేదు. ఆ పూట నేను అన్నం తింటూ పైకప్పు వంక చూస్తూ కూర్చున్నాను. మా ఇంటి పైకప్పుకి ఏ పాపమూ తెలియదు.

నీళ్లు తగ్గుముఖం పట్టాక ఏటిగట్టు దగ్గర ఇంజన్ పడవెక్కి వెళ్లాను. అటక నిలబడి ఉంది. గోడల వెంబడి బస్తాలు బుద్ధిగా కూర్చున్నాయి. బీరువా పొడిగా ఉంది. బీరువా మీద ఒక మేక ఉంది. నేను ఫోటోలకని తెచ్చుకున్న కెమెరా వంక అది తప్ప ఎవరూ చూడలేదు.

కింద చీలమండ లోతు నీళ్లింకా ఉన్నాయి. ఆ నీళ్లలో సోఫా ఉంది. మీగడరంగు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

జరిగిందేమిటంటే, ఆ పొద్దున్న సోఫా ఎక్కించబోతుంటే నాగమణి విత్తనాల బస్తాలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. పైన ఉన్న చోటు ఏదో ఒక్కదానికే సరిపోతుంది. సత్తిబాబు గారు సోఫాని కింద వదిలేసి, నడుం సంగతి మర్చిపోయి, విత్తనాలు పైకి చేరేశారు.

మంగతాయారు గారు సోఫా పక్కనే నిలబడి ఉన్నారు. పందెం ఆవిడకి గుర్తుంది. సామాను ఒక్కటి తడిసినా అన్న మాట నాకూ గుర్తుంది, సాక్షిని కదా. నాగమణి ఒక్కర్తే ఏమీ తెలియక, “అయ్యో వదినా, కొత్తది పాడైపోయిందే,” అంది.

మంగతాయారు గారు నీళ్లలోకి చూస్తూ, “ఏమండీ, ఫ్లాటులో పైనున్నవాళ్లు నీళ్లు పారబోస్తే మన మీద పడతాయంటారా?” అన్నారు. మామూలుగానే అడిగారు. కానీ అప్పటికే మనసులో సామాను సర్దుకుంటున్నారని అర్థమైంది.

సత్తిబాబు గారు నీళ్లలో నడుచుకుంటూ వచ్చారు. సోఫా చుట్టూ ఒకసారి తిరిగారు. చేత్తో నొక్కారు, నీళ్లొచ్చాయి.

“ఇది లెక్కలోకి రాదు,” అన్నారు.

“అదెలాగండి?”

“మన సామాను తడిస్తే అన్నాను. ఇది మన సామానా? ఏనాడైనా కూర్చున్నామా? ఇది అమ్మాజీది.” నా వైపు తిరిగి, “ఏమనుకోకండేం,” అన్నారు.

“ఏమనుకోనండీ,” అన్నాను. నా స్వంత సోఫా అలా ఉన్నట్టుండి నాకు దక్కింది.

“మాట మార్చకండి మరి,” అన్నారు మంగతాయారు గారు.

“మార్చేదేముంది? వచ్చే ఏడు నాగమణి విత్తనాలు మోసుకొస్తే, మన ఇంటి తాళం చూసి తిరిగెళ్లిపోవాలా?” అని, ఆయన నన్ను పక్కకి పిలిచారు. ఏదో పెద్ద మాట చెప్పబోతున్నారనుకుని నేను సిద్ధపడ్డాను. ఆయన మెట్ల వైపు చూపించారు.

“దిగేటప్పుడు మేకలకి కాళ్లు జారుతున్నాయండి. ర్యాంపులాంటిదేదైనా వస్తదేమో చూద్దురూ.”

మంగతాయారు గారు అటు తిరిగి ముక్కు చీదుకుని, “ముందు ఆ బీరువా మీదదాన్ని దించండి, నా చీరలున్నాయి,” అన్నారు.

ఆ మెట్ల పక్కన ఇప్పుడు గరుకు చెక్కతో ర్యాంపు ఉంది. అటక దూలాలు కూడా ఇంజనీరు గారు చెప్పినట్టు బలపరిచాం. ఈసారి జాబితాలో మేకల్ని ఆయనే స్వయంగా రాసుకున్నారు. సోఫా ఉన్నచోట ఒక గట్టి తాటిబల్ల వేశాం, అందరూ కూర్చుంటున్నారు.

నేను నేర్చుకున్నది చిన్నదే. ఇదివరకు కొత్త ఇంటికెళ్తే ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగేదాన్ని. ఇప్పుడు, కష్టమొస్తే ఈ ఇంటికి ఎవరెవరు వస్తారని అడుగుతున్నాను. దాన్నిబట్టే మెట్లు గీస్తాను. మొన్న అమలాపురంలో ఒకాయన్ని అలాగే అడిగితే చాలాసేపు ఆలోచించి, “ఎవరూ రారండి. ఇది అపార్ట్‌మెంటు కదండి,” అన్నారు.

ఆయనకి మీగడరంగు సోఫా వేశాను.