పహిల్వాన్ పిక్కలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకున్నది మా తమ్ముడి పిక్కల గురించే. బడికి పోయే పిల్లవాడికి పెద్దవాళ్లకు ఉండేటంత లావు పిక్కలు, పట్టుకుంటే రాయిలా గట్టిగా తగిలేవి. తొర్రూరులో మాది పల్లికాయల వ్యాపారం. దుకాణానికి వచ్చిన రైతుల ముందు మా తాత వాణ్ని నిలబెట్టి, లాగు పైకి జరిపి చూపించేవాడు. "జూడున్రి, పహిల్వాన్ పిక్కలు! మా ఇంటి నెయ్యి తిన్న ఒళ్లు" అనేవాడు. పిక్కలు ఎంత లావైతే అంత మురిసిపోయి, అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేయించేవాడు.

అంత పహిల్వానూ కాస్త పరుగెత్తితే బోర్లా పడేవాడు. కూర్చున్నవాడు నేరుగా లేవలేడు. ముందు నేలకు చేతులానించి, తర్వాత మోకాళ్లు, తొడలు పట్టుకుంటూ, తన ఒంటి మీద తానే ఎక్కుతున్నట్టు లేచేవాడు. మాకు అదో తమాషా. "ముసలోడు లేస్తుండు" అని నవ్వేవాళ్లం, మాతోపాటు వాడూ నవ్వేవాడు. బద్ధకమనుకుని మా బాపు వాడి వీపు మీద ఒకటి వేసిన రోజులూ ఉన్నాయి.

అవి తెలంగాణ కావాలని జనం మొదటిసారి రోడ్డెక్కిన రోజులు. బళ్లు మూతపడ్డాయి. ఇక మమ్మల్ని పట్టేదెవరు? పాత గుడ్డలతో జెండాలు చేసుకుని మేమూ జులూసులు తీశాం. తమ్ముడు వెనకబడి ఏడుస్తాడని, బస్తాలు తోసే బండి మీద కూర్చోబెట్టి వాణ్నే లీడరును చేశాం. ఒకరోజు లీడరు బండి దిగబోయి పడ్డాడు, గడ్డం పగిలింది. కోడలు మామ ఎదుటికి రాని ఇల్లు మాది. ఆ రోజు మా అమ్మ తలుపు వెనక నుంచే గొంతు పెంచింది. "వీడు ఊకె పడుడు మంచిగ లేదు మామా. పెద్ద దవాఖానల జూపియ్యాలె" అంది.

బస్సులు లేవు. తాత, అమ్మ తమ్ముణ్ని పల్లికాయల లారీలో వరంగల్ తీసుకుపోయారు. అక్క లేందే ఎక్కనని తమ్ముడు మొండికేస్తే నన్నూ ఎక్కించుకున్నారు. పిల్లలకు అరుదుగా వచ్చే జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టరు అక్కడున్నాడని ఎవరో చెప్పారు. తీరా చూస్తే ఆయన కోస్తా మనిషి. "కొట్లాట వీళ్లతోనే నాయె, మన పోరన్ని వీళ్ల చేతులనే పెట్టాల్నా" అని తాత వరండాలోనే గొణిగాడు.

డాక్టరు తమ్ముణ్ని నేల మీద కూర్చోబెట్టి లేవమన్నాడు. వాడు ఎప్పటిలాగే లేచాడు. నాకు నవ్వొచ్చింది. డాక్టరు నవ్వలేదు. మా తాత ఊరుకుంటాడా? "పిక్కలు జూడున్రి డాక్టర్ సాబ్" అని లాగు పైకి జరిపాడు. ఆయన వాటిని నొక్కి చూసి, లాగు మళ్లీ కిందికి జరిపాడు.

అది బలం కాదన్నాడు. లోపల కండ చచ్చిపోతూ ఆ చోట కొవ్వు పేరుకుంటోందన్నాడు. ముందు నడక పోతుంది, తర్వాత చేతులు, చివరికి ఊపిరి. "బొంబాయి తీస్కపోత. దుకాణం అమ్ముత" అన్నాడు తాత. "మందు ఎక్కడా లేదండి. ఉంటే నేనే పంపేవాణ్ణి" అన్నాడు డాక్టరు. అంత పెద్ద నోరున్న మా తాత తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

అప్పుడు డాక్టరు మా అమ్మను ఒకటి అడిగాడు. పరిశోధనకు తమ్ముడి తొడ నుంచి చిన్న కండ ముక్క కావాలన్నాడు.

"దాంతోని మా పిలగానికి నయమైతదా సారూ?"

"లేదమ్మా, ఈ బాబుకు కాదు. తర్వాత పుట్టే పిల్లలకు ఎప్పటికైనా పనికొస్తుందేమోనని."

అవునని అబద్ధమాడినా అమ్మ నమ్మేది. కళ్లు తుడుచుకుని "తొడ వానిది. వాన్నే అడుగున్రి" అంది. ఆయన నిజంగానే వాడి ముందు గొంతుక్కూర్చుని అడిగాడు. నొప్పి పుడుతుందని కూడా చెప్పాడు.

"నా లెక్క పడేటోళ్లు ఇంకా ఉన్నరా?" అన్నాడు తమ్ముడు.

"ఉన్నారు నాన్నా."

వాడి ముఖం వెలిగిపోయింది. లోకంలో పడేది తానొక్కడే అనుకున్నాడు, పిచ్చి తండ్రి. "అయితే తీయున్రి" అన్నాడు.

తొర్రూరులో దిగగానే డాక్టరు ఏమన్నాడని జనం మూగారు. "ఏమంటడు? పహిల్వాన్ అయితడన్నడు" అని తాత పిక్క పట్టుకోబోయాడు. చెయ్యి అక్కడిదాకా పోలేదు. వాణ్ని భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. నూనూగు మీసాలు రాకముందే మా తమ్ముడు పోయాడు.

నాకు పెళ్లయింది, కూతురు పుట్టింది, కూతురికి కొడుకు పుట్టాడు. మళ్లీ తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం మనవడు టీవీ ముందు నుంచి లేచాడు. చేతులు ముందు నేలకు, తర్వాత మోకాళ్లకు, తర్వాత తొడలకు. ఏం చెప్పమంటారు, ఏ డాక్టరూ చెప్పక ముందే నాకు తెలిసిపోయింది. ఆ జబ్బు తల్లుల్లో దాగి ఉండి మగపిల్లల్లో బయటపడుతుందట. మా అమ్మ నుంచి నాకు, నా నుంచి నా బిడ్డకు వచ్చింది. తర్వాత పుట్టే పిల్లలంటే ఇన్నేళ్లూ ఎవరో పరాయి పిల్లలనుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. నయం చేసే మందు మాత్రం రాలేదు. హైదరాబాదులో ఒక డాక్టరమ్మ పరిశోధనకని మనవడి కండ ముక్క అడిగింది. నా కూతురు మా అమ్మ అడిగినదే అడిగింది. "ఈ బాబుకు కాదమ్మా" అని ఆ డాక్టరమ్మా నిజమే చెప్పింది. మనవడు నా కొంగు పట్టుకుని "నొప్పి లేస్తదా అమ్మమ్మా?" అన్నాడు.

లేదనాలని నోటిదాకా వచ్చింది, అచ్చం మా తాతలాగే. "లేస్తది బిడ్డా" అన్నాను. "నీ లెక్కనే పడే పిలగాడు ఒకడుండె, నా తమ్ముడు. వాడు గూడ ఇచ్చిండు."

వాడి ముఖం వెలిగింది. "ఇప్పుడు యాడున్నడు?" అన్నాడు.

ఆ వరంగల్ డాక్టరు నేర్పిన నిజం నాకు అంతవరకే తోడొచ్చింది. ఈ ప్రశ్నకు జవాబు ఇంకా నా దగ్గరే ఉంది.