పన్నెండు రోజులు ఎవరికీ చెప్పలేదు

తెనాలిలో నేను అద్దెకుండే వాటా మేడ మీద ఉంది. మెట్లు పద్దెనిమిది. పదకొండేళ్లుగా వాటిని ఆగకుండా ఎక్కుతున్నాను. మార్గశిర మాసంలో ఒక గురువారం, కూరల సంచితో పన్నెండో మెట్టు మీద ఆగిపోవలసి వచ్చింది. దగ్గు వచ్చింది. రుమాలు తీసి చూసుకుంటే తెల్లటి గుడ్డ మీద సన్నటి ఎర్ర చార ఉంది. పైకి వెళ్లి, కూరలు సర్ది, నోటు పుస్తకంలో తేదీ, వేళ, ‘దగ్గు, రక్తం, కొంచెం’ అని రాశాను.

రాసుకోవడం నాకు ఉద్యోగం నేర్పిన అలవాటు. రేపల్లెలో కాలువల శాఖ సెక్షన్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేశాను. లాకుల దగ్గర కాపలా ఉండే లస్కర్లు రోజూ ఉదయం ఆరింటికి నీటి మట్టం చూసి ఫోన్ చేస్తే రిజిస్టరులో ఎక్కించడం నా పని. రిటైరయ్యాక తెనాలి వచ్చి నా బరువు, బీపీ, నిద్రపోయిన గంటలు ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలు విజయ బాపట్లలో ఉంటుంది. అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్లు.

ఆ తరువాత తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు రక్తం కనిపించింది. పదో రోజున తెనాలిలోనే డాక్టరుకు చూపించుకున్నాను. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనిపించింది. సీటీ తీశారు, గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. అక్కడ బయాప్సీ, ఆపైన పెట్ స్కాన్. పొగాకు వాసన గిట్టని మనిషిని, నాకు లంగ్ క్యాన్సర్ ఏమిటని అడిగాను. “పొగ తాగనివాళ్లకీ వస్తుందమ్మా, ఆడవాళ్లలో చూస్తూనే ఉన్నాం” అంది డాక్టరమ్మ. ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. మాట మెత్తన, కాని తిప్పి చెప్పే రకం కాదు.

అన్ని కౌంటర్ల దగ్గరా నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. “మీతో ఎవరొచ్చారు?”

“నేనే వచ్చానండి.”

“కాదమ్మా, అటెండెంట్ ఎవరని.”

స్కానింగ్ గదిలో గాజులు, కళ్లజోడు తీసి ఎవరికైనా ఇవ్వమంటారు. నేను వాటిని రుమాలులో మూటగట్టి టెక్నీషియన్ బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. జబ్బు పేరు విన్నప్పుడు ఏడవలేదు. ఆ మూట దగ్గర మాత్రం కళ్లు చెమర్చాయి.

ఆపరేషన్ కాగితం మీద సంతకానికి విజయ వచ్చింది. కుడి ఊపిరితిత్తి పైభాగాన్ని తీసేశారు. తరువాత బాపట్లలో వాళ్లింటికి తీసుకెళ్లింది. మా మరిదికి పక్షవాతం వచ్చి మూడేళ్లు, మాట పడిపోయింది. ఒకే గదిలో ఆ మంచం మీద ఆయన, ఈ మంచం మీద నేను. ఆయన మాట్లాడలేడు. మాట్లాడితే కుట్లు లాగుతాయని నేను మాట్లాడను. విజయ ఇద్దరికీ మొహం కడిగి, ఇద్దరికీ ఇడ్లీ తుంచి పెట్టి, ఇద్దరి గుడ్డలూ ఉతికేది. ఒకనాడు వంటింట్లో గోడకానుకుని నిలబడే నిద్రపోతుంటే చూశాను. పన్నెండో రోజున నేను తెనాలి బయలుదేరాను.

“ఇంకో వారం ఉండరాదా అక్కా. నీకెప్పుడూ తొందరే” అంది.

“కుట్లు మానాయి కదా.”

“నాకు బరువనుకుంటున్నావు.”

“అదేం లేదు” అన్నాను. అదే ఉంది. అది ఆమెకూ తెలుసు.

నాలుగు కీమోలు తెనాలి నుంచి ఒంటరిగానే వెళ్లి వేయించుకున్నాను. జుట్టు పూర్తిగా పోలేదు, పలచబడింది. మూడో కీమో తరువాత వాంతులు ఐదు రోజులు. అవన్నీ పుస్తకంలో ఉన్నాయి. కీమోలు అయ్యాక డాక్టరమ్మ ఇమ్యునోథెరపీ గురించి చెప్పింది. మూడు వారాలకొకటి చొప్పున పదహారు డోసులు, సుమారు ఏడాది.

“ఇదివరకు ఈ మందును సెలైన్‌లా నరంలోకి ఎక్కించేవాళ్లం. ఇప్పుడు తొడ దగ్గర చర్మం కింద ఇస్తున్నాం. చర్మం కింద జిగురులాంటి పదార్థం ఉంటుందమ్మా. అంత మందును అది అక్కడ పట్టనివ్వదు. అందుకని మందులోనే ఒక ఎంజైమ్ కలుపుతారు. అది ఆ జిగురును కాసేపు విడదీసి దారిస్తుంది. మందు లోపలికి వెళ్లి మీ ఇమ్యూన్ సిస్టమ్ మీదున్న బ్రేకు తీస్తుంది. క్యాన్సర్ కణం ఎక్కడైనా మిగిలి ఉంటే పట్టుకోవాల్సింది మీ ఇమ్యూన్ సిస్టమే.”

“బ్రేకు తీస్తే బండి ఎటైనా పోతుంది కదండీ?” అన్నాను.

ఆవిడ నవ్వింది. “పోవచ్చు. అందుకే కొత్తగా ఏమొచ్చినా మాకు ఫోన్ చెయ్యాలి. దద్దుర్లు, ఆయాసం, విరేచనాలు, ఏదైనా సరే.”

ఆ మూడు మాటలూ రాసుకున్నాను. మొదటి డోసుకు నర్సు చేతి వాచీ చూస్తూ ఏడు నిమిషాలు మెల్లగా సూది మందు నెట్టింది. తొడ మీద నిమ్మకాయంత ఉబ్బు వచ్చి సాయంత్రానికి తగ్గింది. ఆ రాత్రి ఫోన్లో విజయకు చెప్పాను, మందులో ఎంజైమ్ ఉందని.

“ఎంజైమంటే అరుగుదల మందే కదా అక్కా. మా ఆయనకీ రాశారు, అన్నం తిన్నాక రెండు చెంచాలు. నీక్కూడా ఆకలి పుడుతుందిలే.”

“ఇది వేరే” అన్నాను. అన్నానే కాని, వేరే అంటే ఏమిటో నాకూ తెలియదు. ఎంజైమ్ పేరుతో నేను ఎరిగినవి రెండే, ఆ టానిక్కు, బట్టల సబ్బు పొడి. రెండూ కరిగించేవే. ఆ లెక్క నా తలలో అలాగే ఉండిపోయింది.

నాలుగు డోసులు ఇబ్బంది లేకుండా గడిచాయి. ఐదో డోసు తరువాత తొమ్మిదో రోజున మూడుసార్లు విరేచనమైంది. మామూలుగా నాకు ఒకటే. తొడ దగ్గర జిగురును విడదీసే ఎంజైమ్ కడుపులోకీ చేరి ఉంటుందనుకున్నాను. మందు పనిచేస్తున్నట్టే కదా అని లోలోపల కాస్త సంతోషించాను కూడా. పెరుగన్నం తిన్నాను, సగ్గుబియ్యం జావ తాగాను. పుస్తకంలో కొత్త గడి గీశాను. మూడు, మూడు, నాలుగు, నాలుగు, ఐదు, ఐదు, ఆరు, ఆరు, ఏడు, ఎనిమిది, ఎనిమిది. బరువు యాభై రెండు నుంచి నలభై ఎనిమిదిన్నరకు దిగింది. అదీ ఎక్కించాను. ఆ పదకొండు రోజుల్లో విజయ రెండుసార్లు ఫోన్ చేసింది. బాగున్నానన్నాను. కింద ఇంటావిడ రత్నకుమారి, “ఏంటి పిన్నిగారూ, మెట్లు దిగట్లేదు?” అంటే ఎండగా ఉందన్నాను. ఎవరితోనూ అబద్ధమాడుతున్నానని అనుకోలేదు. డాక్టరమ్మకు చూపించడానికి పుస్తకం సిద్ధంగా ఉంది కదా.

పన్నెండో రోజు ఉదయం తొమ్మిదింటికి ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. ప్రతి డోసుకూ ముందురోజు గుర్తుచేస్తారు.

“అమ్మా, రేపు ఆరో డోసండి. పొద్దున్నే వచ్చేయండి. జ్వరం, విరేచనాలు ఏమన్నా ఉన్నాయా?”

“విరేచనాలు ఉన్నాయి.”

“ఎన్ని?”

“నిన్న ఎనిమిది, మొన్న ఎనిమిది, అటు మొన్న ఏడు. ఇవాళ ఇప్పటికి నాలుగు.”

“ఎన్నాళ్ల నుంచండి?”

“ఇవాళ్టితో పన్నెండు రోజులు.”

“మరి ఫోన్ చెయ్యలేదేంటమ్మా?”

“రేపు వస్తున్నాను కదా. అన్నీ రాసి పెట్టాను.”

“రేపు కాదండి, ఇప్పుడే బయలుదేరండి. బస్సెక్కొద్దు, రైలెక్కొద్దు. ఎవరినైనా తోడు తీసుకుని కారులో రండి. తోడెవరున్నారు?”

మళ్లీ అదే ప్రశ్న. ఫోన్ పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. నోరు ఎండిపోయి ఉంది. విజయ బాపట్ల నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది, మరిదిని ఎవరు చూస్తారు. రత్నకుమారి ఇంట్లో పదకొండేళ్లుగా ఉంటూ ఆవిడను మంచినీళ్లు కూడా అడగలేదు. అడగనందుకు గర్వపడ్డాను కూడా. మెట్లు కూర్చుని కూర్చుని దిగాను. నన్ను చూసి ఆవిడ చేతిలోని చేట కింద పెట్టింది.

“నాతో గుంటూరు ఆసుపత్రికి వస్తారా?” అన్నాను.

“ఒక్క నిమిషం పిన్నిగారూ, చీర మార్చుకుంటాను” అంది. ఎందుకని కూడా అడగలేదు.

కారులో మాత్రం అడిగింది. విన్నాక కిటికీలోంచి చూస్తూ, “మేడ మీద ఇంత జరుగుతుంటే కింద నేను సీరియల్ చూస్తున్నాను. బాగుందండి మన వరస” అంది. అది నన్నో, తననో తెలియలేదు.

చేర్చుకున్నారు. రక్తపరీక్షలు చేసి, ట్యూబు వేసి పెద్ద పేగు చూశారు. దానికి వాళ్లు చెప్పిన పేరు ఇమ్యూన్ కొలైటిస్. స్టెరాయిడ్ నరంలోకి ఎక్కించారు. నాలుగో రోజుకు విరేచనాలు రెండుకు దిగాయి. ఆ రోజు డాక్టరమ్మ నా పుస్తకం అడిగి, నిలబడే చివరిదాకా చదివింది.

“మా వార్డులో కూడా ఇంత చక్కగా రాయరమ్మా” అంది. తరువాత ఐదో రోజు గడి మీద వేలు పెట్టింది. “మీ మామూలుకన్నా నాలుగు ఎక్కువ. ఈ రోజు ఫోన్ చేసి ఉంటే మాత్రలతో పోయేదేమో. ఎందుకు చెయ్యలేదు?”

ఎంజైమ్ వల్లనుకున్నానని చెప్పాను.

“ఆ ఎంజైమ్ తొడ దగ్గర పని చేసి ఒకట్రెండు రోజుల్లో పోతుందమ్మా. కడుపు దాకా రాదు. బ్రేకు తీసిన మీ ఇమ్యూన్ సిస్టమే పేగు మీద పడింది. మీరే అడిగారు, బండి ఎటైనా పోతుంది కదా అని.”

అడిగింది నేనే. రేపల్లెలో కృష్ణా కాలువ నీరు ఎర్ర గీత దాటితే, రిజిస్టరు ముట్టుకోకముందే ఇంజనీరుగారికి ఫోన్ చేసేదాన్ని. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా, రేపు ఆఫీసుకు వస్తారు కదా అప్పుడు చూపిద్దామని ఊరుకోలేదు. ఊళ్లు మునుగుతాయని భయం ఉండేది. నా విషయంలో మునిగేది నేనొక్కదాన్నే కదా అనుకున్నానేమో. ఆసుపత్రి మంచం మీద ఆ సంగతి ఒప్పుకోవడం ఏ మందుకన్నా చేదుగా ఉంది.

స్టెరాయిడ్ మాత్రలు కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఏడు వారాలు వాడాను. మొహం ఉబ్బింది, షుగర్ పెరిగి తగ్గింది. ఏడో వారం చివర మిగతా డోసుల సంగతి అడిగాను.

“ఇక ఇవ్వలేమమ్మా. పేగు బాగా దెబ్బతింది. మళ్లీ మొదలుపెడితే ఈసారి పేగుకు చిల్లు పడొచ్చు. ఆ రిస్క్ తీసుకోను.”

“పదహారు పూర్తి కావా?”

“కావు.”

“ఐదుతో సరిపోతుందా?”

“కొందరిలో ఆపేశాక కూడా ఇమ్యూన్ సిస్టమ్ పని చేస్తూనే ఉంటుంది. మీలో చేస్తుందో లేదో ఇప్పుడు చెప్పలేను. స్కాన్లు చెప్పాలి.”

ఐదో రోజున ఫోన్ చేసి ఉంటే పదహారూ పూర్తయ్యేవా అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఆవిడ కూడా ఆ మాట ఎత్తలేదు. పుస్తకంలో ఆరు నుంచి పదహారు వరకు ముందే గీసి పెట్టుకున్న గడులున్నాయి. పదకొండు. వాటిని కొట్టేయలేదు. ఖాళీగానే ఉన్నాయి.

ఆపేసి పధ్నాలుగు నెలలైంది. మూడు నెలలకొకసారి సీటీ తీస్తున్నారు. ఇప్పటికి నాలుగు తీశారు, నాలుగింటిలోనూ ఏమీ లేదన్నారు. ‘ఇప్పటికి’ అనే మాట డాక్టరమ్మ ఎన్నడూ మరిచిపోదు, నేనూ మరిచిపోను. స్కాన్‌కు వెళ్లే రోజున రత్నకుమారి వస్తుంది. నా కళ్లజోడు, గాజులు ఆవిడ చేతి సంచిలో వేసుకుంటుంది. మిగతా రోజుల్లో మునుపటిలాగే ఉంటాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. దానికి మందు లేదు.

ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నవాళ్లకు, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవాళ్లకు, నేను చెప్పగలిగింది ఇదే. ఆసుపత్రివాళ్లు ఇచ్చే ఫోన్ నంబరును ఫైల్లో దాచకండి, గోడకు అంటించండి. విరేచనాలు మీ మామూలుకన్నా పెరిగిన రోజునే, ఆ రోజే, ఫోన్ చెయ్యండి. పెరుగన్నంతో, దుకాణం మాత్రలతో ఆపుకుని అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. మందు ఆపేసిన కొన్ని నెలల తరువాత కూడా ఇవి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. నాలాగా అడిగితే తప్ప చెప్పని మనుషులైతే, మొదటి డోసుకు ముందే ఎవరో ఒకరితో ఒప్పందం చేసుకోండి, రోజూ ఒకే వేళకు మిమ్మల్ని అడిగేటట్టు.

నన్ను విజయ అడుగుతుంది. ఉదయం ఏడింటికి, మరిదికి ఇడ్లీ పెడుతూ ఫోన్ స్పీకరులో పెట్టి, “చెప్పక్కా, ఎన్ని?” అంటుంది. పొరుగువాళ్లు వింటారే అంటే, “విననీ, వాళ్లవీ చెప్తారు” అంటుంది. ఇవాళ ఒకటన్నాను. సరే అని ఫోన్ పెట్టేయబోయింది.

“విజయా, ఉండు. నిద్ర పట్టలేదే. వచ్చే మంగళవారం స్కాను. భయంగా ఉంది” అన్నాను.

గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. స్పీకరు తీసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నట్టుంది, గొంతు దగ్గరగా వినపడింది. “చెప్పు” అంది.